ర్యామ్ మార్చాక ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే మదర్‌బోర్డు పోయిందని తొందరపడి తేల్చవద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్పటి నుంచి మన విశాఖపట్నంలో పాత ల్యాప్‌టాప్‌లు సంచిలో వేసుకుని ద్వారకానగర్ దుకాణాల చుట్టూ తిరిగే విద్యార్థులు, చిరుద్యోగులు, ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకునేవారు నాకు తరచుగా కనిపిస్తున్నారు. కొత్త యంత్రం కొనే స్తోమత అందరికీ ఉండదు. ఉన్నవారికి కూడా బాగా నడుస్తున్న దాన్ని పక్కన పడేయడానికి మనసొప్పదు. అందుకని ఉన్న 4 జీబీ ర్యామ్‌ను (యంత్రం నడుస్తున్నప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీని) 8 జీబీకో 16 జీబీకో పెంచుకుని మరికొన్నేళ్లు వాడుకుందామనుకుంటారు. అది మంచి ఆలోచనే. అయితే ర్యామ్ మార్చి, మూత బిగించి, బటన్ నొక్కాక దీపం వెలిగి, ఫ్యాను తిరిగి, తెర మాత్రం నల్లగానే ఉండిపోతే అసలు ఇబ్బంది అప్పుడు మొదలవుతోంది. "డిస్‌ప్లే రావడం లేదు, బోర్డు పోయినట్టుంది" అని, అంటే భాగాలన్నిటినీ కలిపే ప్రధాన పలక అయిన మదర్‌బోర్డు పాడైందని, చాలా తేలికగా అనేస్తున్నారు. ఆ మాటకు భయపడి వేలకు వేలు ఖర్చుపెట్టినవారినీ, బాగుపడే ల్యాప్‌టాప్‌ను తూకానికి ఇచ్చేసినవారినీ చూశాను గనుక ఈ లేఖ రాస్తున్నాను.

నేను చాలాకాలం ఎలక్ట్రానిక్స్ బోధించి పదవీ విరమణ చేసినవాడిని. చెప్పదలచుకున్నది ఒక్కటే. ర్యామ్ మార్చిన వెంటనే ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే, పాత ర్యామ్‌ను తిరిగి పెట్టి చూడకుండా మదర్‌బోర్డు పోయిందని ఎవరూ తేల్చకూడదు. ఎవరైనా అలా తేల్చితే వినియోగదారుడు ఒప్పుకోకూడదు.

ఎందుకో చెప్పాలంటే బటన్ నొక్కిన తొలి క్షణాల్లో లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి. ముందు పనిచేసేది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్‌లో ఉండే బయోస్ అనే ప్రారంభ ప్రోగ్రాము ముందు మేల్కొంటుంది. ప్రతి ర్యామ్ మాడ్యూల్ (ర్యామ్ చిప్పులున్న చిన్న పలక) మీద కూడా ఒక చిన్న చిప్ ఉంటుంది. ఆ మాడ్యూల్ ఎన్ని జీబీలది, ఎంత వేగానిది, ఎంత వోల్టేజీకి పనిచేస్తుంది అనే వివరాలు అందులో రాసి ఉంటాయి. బయోస్ ఆ వివరాలను చదివి, ర్యామ్‌ను పనిలోకి తెచ్చుకున్న తర్వాతే సాధారణంగా తెర మీద కంపెనీ గుర్తునైనా చూపించగలుగుతుంది. కాబట్టి ర్యామ్ దగ్గర చిక్కు వస్తే పని అక్కడే ఆగిపోతుంది, తెర నల్లగా ఉంటుంది. నిన్నటి దాకా బాగా నడిచిన యంత్రంలో ఈరోజు ఒక్క ర్యామ్ మాత్రమే మారి, తెర నల్లబడితే, అనుమానం మొదట ర్యామ్ మీదికే వెళ్లాలి. మారని భాగాన్ని వదిలి మారిన భాగాన్ని ముందు పరీక్షించడం ఏ మరమ్మతుకైనా మొదటి సూత్రం.

ఇదే కారణంగా "ఒకసారి ఫార్మాట్ చేసి చూద్దాం" అనే సలహాకు కూడా ఇక్కడ చోటు లేదు. కంపెనీ గుర్తు కూడా రాకుండా ఆగిపోయిన యంత్రం విండోస్ దాకా చేరనే లేదు. విండోస్‌ను చెరిపి మళ్లీ ఎక్కించినంత మాత్రాన ఆ దశ దాటదు. ఈ సంగతి తెలియక ప్రాజెక్టు రిపోర్టులు, పెళ్లి ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్‌లు పోగొట్టుకున్నవారున్నారు. ర్యామ్ ఇమడకపోయినంత మాత్రాన హార్డ్ డిస్క్‌లోనో ఎస్‌ఎస్‌డీలోనో ఉన్న సమాచారానికి ఏమీ కాదు. అది ఎక్కడిదక్కడే ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌ను బయటికి తీసి, యూఎస్‌బీ కేసులో పెట్టి మరో కంప్యూటర్‌లో చూసుకోవచ్చు కూడా. పరీక్షల ముందు ఈ కష్టం వచ్చిపడిన పిల్లలకు ఇంట్లో పెద్దలు ముందుగా చెప్పవలసిన ధైర్యం ఇది.

ఇక పరీక్ష ఎలా చేయాలన్నది. ఛార్జర్ తీసివేయాలి. ఊడివచ్చే బ్యాటరీ అయితే తీసివేయాలి, లోపల బిగించిన బ్యాటరీ అయితే దాని కనెక్టరును విడదీయాలి. పవర్ బటన్‌ను ఓ 30 సెకన్లు నొక్కిపట్టి లోపల మిగిలిన విద్యుత్తును పోనివ్వాలి. కొత్త మాడ్యూల్ తీసి, పాతదాన్ని అది ఇదివరకు ఉన్న స్లాట్‌లోనే (మాడ్యూల్ బిగించే చోటులోనే) పెట్టి, విద్యుత్తు మళ్లీ కలిపి ఆన్ చేయాలి. మామూలుగా ఆన్ అయితే ప్రాసెసరు, తెర, డిస్క్, బోర్డు ప్రధానంగా బాగున్నట్టే. ఇప్పుడు కొత్త మాడ్యూల్ ఒక్కదాన్నే అదే స్లాట్‌లో పెట్టాలి. ఆన్ కాకపోతే ఆ మాడ్యూల్ పాడైందన్నా అనుకోవాలి, ఈ ల్యాప్‌టాప్‌కు సరిపడేది కాదన్నా అనుకోవాలి. ఆన్ అయితే రెండో స్లాట్‌ను, ఆ తర్వాత రెండు మాడ్యూళ్లను కలిపి చూడాలి. విడివిడిగా రెండూ పనిచేసి, కలిపితే పనిచేయకపోతే ఆ జత పొసగలేదని అర్థం. ఏ మాడ్యూల్ పెట్టినా ఒక స్లాట్ మాత్రమే మొండికేస్తే లోపం ఆ స్లాట్‌లో ఉంది. ఇంత స్పష్టంగా జవాబు చెప్పే పరీక్షకు కావలసినదల్లా ఒక స్క్రూడ్రైవరు, కొంచెం ఓపిక, ఆ పాత ర్యామ్. అందుకే పాత ర్యామ్‌ను ఎక్స్చేంజి కింద దుకాణంలో వదిలేయవద్దని నా మనవి. కొత్తది కొన్ని వారాలు నిలకడగా నడిచే వరకైనా అది మన దగ్గర ఉండాలి.

కొత్త మాడ్యూల్ సరిపడకపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం రకం తేడా. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అనే ర్యామ్ తరాలు ఒకదాని బదులు ఒకటి పెట్టగలిగినవి కావు. ల్యాప్‌టాప్ మాడ్యూళ్లలో డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262 ఉంటాయి. అంచులోని గాడి కూడా ఒక్కొక్కదానిలో ఒక్కొక్క చోట ఉంటుంది. గాడి కుదరలేదంటే అది ఆ స్లాట్‌కు చెందినది కాదు. బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది, అప్పుడు నిజంగానే బోర్డు మరమ్మతు తప్పదు. ప్రాసెసరు పేరు చూసి రకం ఊహించడమూ ప్రమాదమే. 2015లో వచ్చిన ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లతో డీడీఆర్3ఎల్ (తక్కువ వోల్టేజీ డీడీఆర్3) ల్యాప్‌టాప్‌లూ వచ్చాయి, డీడీఆర్4 ల్యాప్‌టాప్‌లూ వచ్చాయి. పన్నెండో తరంలో డీడీఆర్4కూ డీడీఆర్5కూ మధ్య మళ్లీ ఇదే చీలిక వచ్చింది. "ఐ5 ఆరో తరం, 8 జీబీ ఇవ్వండి" అని అడిగితే సరిపోదన్నమాట. ఉన్న మాడ్యూల్ తీసి, దాని మీది చీటీ ఫొటో తీసుకుని వెళ్లడమే క్షేమం.

గాడి కుదిరినా చిక్కు తీరనిది మరొకటి ఉంది. పాత ల్యాప్‌టాప్‌లకు నేను చూసినంతలో ఎక్కువ అన్యాయం జరుగుతున్నది అక్కడే గనుక దానిని కొంత వివరంగా చెప్పాలి. డీడీఆర్3లో రెండు రకాలున్నాయి. మామూలు డీడీఆర్3 మాడ్యూల్ 1.5 వోల్టులతో పనిచేస్తుంది. డీడీఆర్3ఎల్ 1.35 వోల్టులతో పనిచేస్తుంది. రెండిటికీ పిన్నులు ఒకటే, గాడి ఒకటే, చూపులకు తేడా లేదు. కానీ 2013లో వచ్చిన ఇంటెల్ నాలుగో తరం నుంచి డీడీఆర్3 కాలపు ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు 1.35 వోల్టుల ర్యామ్ కోసమే తయారయ్యాయి. అటువంటి యంత్రంలో 1.5 వోల్టుల మాడ్యూల్ పెడితే అది చక్కగా స్లాట్‌లో కూర్చుంటుంది, క్లిప్పులు పడతాయి, దీపం వెలుగుతుంది, తెర మాత్రం చాలాసార్లు రాదు. 1.35 వోల్టుల మాడ్యూల్‌కు ఈ ఇబ్బంది లేదు. ప్రమాణం ప్రకారం అది 1.5 వోల్టుల యంత్రంలోనూ పనిచేయాలి. అందువల్ల డీడీఆర్3 కాలపు ల్యాప్‌టాప్‌కు ఏది కొనాలో తేలనప్పుడు డీడీఆర్3ఎల్ కొనడమే ఉత్తమం. చీటీ మీద పీసీ3ఎల్-12800ఎస్ అని ఉంటే 1.35 వోల్టులది, ఎల్ అక్షరం లేకుండా పీసీ3-12800ఎస్ అని ఉంటే 1.5 వోల్టులది. తేడా అంతా ఒక్క అక్షరంలోనే ఉంది.

మా ఎం.వి.పి. కాలనీలో ఇంజనీరింగ్ చదువుకుంటున్న ఒక అమ్మాయికి ఇదే జరిగింది. వాళ్ల అన్నయ్య వాడి ఇచ్చిన నాలుగో తరం ల్యాప్‌టాప్‌లో మరో 4 జీబీ వేయించుకుంది. ఇంటికి తెచ్చాక ఆన్ కాలేదు. ర్యామ్ వేసిన దుకాణంవారు చూసి బోర్డు కాలిందన్నారు, కొత్త బోర్డుకు చెప్పిన ధర ఆ ల్యాప్‌టాప్ విలువను మించింది. "మాస్టారూ, అమ్మ చీటీ డబ్బులు తీసి ఇస్తానంటోంది, ఇవ్వనివ్వనా వద్దా?" అని ఆ పిల్ల నన్ను అడిగింది. మూత తీయించి చూస్తే కొత్త మాడ్యూల్ చీటీ మీద ఎల్ అక్షరం లేదు. దాన్ని తీసి పాతది ఒక్కటే ఉంచగానే ల్యాప్‌టాప్ ఎప్పటిలాగే ఆన్ అయింది. సరైన రకం మాడ్యూల్ మరో చోట తెచ్చి వేశాక ఈనాటికీ నడుస్తోంది. ఆ దుకాణం వారికి దురుద్దేశం ఉందని నేను అనను. కానీ చీటీ మీది ఒక్క అక్షరాన్ని చదవకుండా ఒక తల్లి చీటీ డబ్బు మీదికి తీర్పు వెళ్లడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

రకం సరైనదే అయినా సరిగా కూర్చోకపోవడం ఇంకో సాధారణ కారణం. ల్యాప్‌టాప్ మాడ్యూల్‌ను ఏటవాలుగా, సుమారు 30 డిగ్రీల నుంచి 45 డిగ్రీల కోణంలో స్లాట్‌లోకి పూర్తిగా దింపి, ఆ తర్వాత కిందికి వంచితే రెండు పక్కలా క్లిప్పులు టక్కున పడాలి. బంగారు రంగు అంచు పెద్దగా బయటికి కనిపించకూడదు. ఒక పక్క క్లిప్పు పడి రెండో పక్క పడకపోతే తెర రాకపోవచ్చు. పైనుంచి చూస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి చాలామంది ఇక్కడే మోసపోతారు.

బ్యాటరీని విడదీయకుండా ర్యామ్ తీయడం, పెట్టడం మాత్రం ఎంతమాత్రం తగదు. ఛార్జర్ తీసేస్తే చాలనుకుంటారు. లోపలి బ్యాటరీ బోర్డుకు విద్యుత్తును అందిస్తూనే ఉంటుంది, ఆ స్థితిలో మాడ్యూల్ పెడితే బోర్డు నిజంగా కాలవచ్చు. లెనోవో థింక్‌ప్యాడ్ రకాలలో చాలావాటికి మూత తీసే ముందే బయోస్‌లోకి వెళ్లి లోపలి బ్యాటరీని ఆపే వీలుంది. చేతిలోని స్థిర విద్యుత్తు పోవడానికి రంగు వేయని లోహ వస్తువును, ఉదాహరణకు భూమికి కలిపిన ఇనుప కిటికీ చువ్వనో కుళాయినో ముట్టుకుని పని మొదలుపెట్టాలి. మాడ్యూల్‌ను అంచులతోనే పట్టుకోవాలి. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి స్థిర విద్యుత్తు బెడద తక్కువే గాని, రోజంతా ఏసీ నడిచే గదుల్లో ఆ భరోసా ఉండదు.

అన్నీ సరిగా చేసినా తెర రాకపోతే కొంచెం ఆగాలి. కొత్త ర్యామ్ పెట్టిన తర్వాత తొలిసారి ఆన్ చేసినప్పుడు బయోస్ ఆ ర్యామ్‌తో సంకేతాల సమయాలను సరిచూసుకుంటుంది. డీడీఆర్5 యంత్రాల్లో ఈ సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు కూడా పట్టవచ్చు, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది, మధ్యలో యంత్రం తనంతట తాను ఆగి మళ్లీ మొదలైనా ఆశ్చర్యపడనక్కరలేదు. అర నిమిషం చూసి బటన్ నొక్కిపట్టి ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. పది నిమిషాలు వదిలేసి చూడడంలో పోయేదేమీ లేదు.

అప్పటికీ రాకపోతే యంత్రమే ఏదో ఒక సంకేతం ఇస్తుంది, దాన్ని గమనించాలి. డెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి దీపం పసుపు రంగులో 2 సార్లు, తెల్లగా 3 సార్లు వెలిగితే ర్యామ్ కనిపించలేదని అర్థం. తెలుపు 4 సార్లయితే ర్యామ్‌లో లోపం, 5 సార్లయితే సరిపడని ర్యామ్. కొన్ని పాత హెచ్‌పీ నోట్‌బుక్‌లలో క్యాప్స్‌లాక్ దీపం 3 సార్లు వెలిగి ఆరడం ర్యామ్ లోపాన్ని చెబుతుంది. ఇవి మోడల్‌ను బట్టి మారతాయి, అందుకని మన మోడల్ సర్వీసు మాన్యువల్‌ను కంపెనీ వెబ్‌సైటులో చూసుకోవాలి. ఆ వెలుగులను సెల్‌ఫోనులో వీడియో తీసుకుని దుకాణానికి వెళ్తే మెకానిక్‌కూ పని తేలికవుతుంది, మనకూ మాట చెప్పడానికి ఆధారం ఉంటుంది. బయోస్ సెట్టింగులను మొదటి స్థితికి తేవడానికి బోర్డు మీది చిన్న బిళ్ల బ్యాటరీని కాసేపు విడదీసి పెట్టడం కూడా కొన్ని యంత్రాల్లో ఫలితమిస్తుంది. అన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ బిళ్ల విడిగా ఉండదు.

కొనే ముందే చూసుకోవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. ప్రతి ల్యాప్‌టాప్‌కూ ఇంత ర్యామ్ వరకే అనే పరిమితి ఉంటుంది. నాలుగో తరం, అంతకు ముందరి ఇంటెల్ యంత్రాల్లో ఒక్క స్లాట్‌లో 16 జీబీ డీడీఆర్3 మాడ్యూల్ పనిచేయదు, 8 జీబీయే గరిష్ఠం. పలుచని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డు మీదే అతికించి ఉంటుంది, అసలు స్లాటే ఉండదు. విండోస్ బాగా నడుస్తున్నప్పుడే టాస్క్ మేనేజర్ తెరిచి, పర్‌ఫార్మెన్స్ కింద మెమరీ నొక్కితే వేగం, ఎన్ని స్లాట్లున్నాయి, ఎన్ని నిండాయి అనే వివరాలు కనిపిస్తాయి. వేగం విషయంలో మాత్రం అంత బెంగ అవసరం లేదు. ఒకే రకంలో రెండు వేగాల మాడ్యూళ్లు కలిస్తే సాధారణంగా రెండూ తక్కువ వేగంతో నడుస్తాయి, అంతే.

సముద్రపు ఒడ్డున ఉన్నవాళ్లం కాబట్టి మనకు ప్రత్యేకమైన సంగతి ఒకటి చెప్పాలి. లాసన్స్ బే, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఫ్యాను రెక్కలకు, కిటికీ బోల్టులకు తుప్పు ఎంత త్వరగా పడుతుందో అందరికీ తెలుసు. ఆ ఉప్పు తేమే ల్యాప్‌టాప్‌లోకీ చేరుతుంది. ర్యామ్ అంచున ఉన్న బంగారు పూతకు తుప్పు పట్టదు గాని, పూత అరిగిన చోట కింది లోహానికి, స్లాట్‌లోని సన్నని స్ప్రింగులకు పడుతుంది. ఏళ్ల తరబడి కదలని పాత మాడ్యూల్‌ను ఒకసారి తీసి పెట్టగానే, అది కూడా సరిగా తగలక ల్యాప్‌టాప్ ఆన్ కాకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. పాతది తిరిగి పెట్టినా రాలేదు కాబట్టి బోర్డు పోయిందనే ముందు ఈ శుభ్రత జరిగిందో లేదో అడగాలి. మన దుకాణాల్లో పెన్సిల్ రబ్బరుతో రుద్దడం వాడుక. అది పనిచేస్తుంది, కాదనను. కానీ గట్టిగా రుద్దితే పూత అరుగుతుంది, రబ్బరు పొట్టు స్లాట్‌లో పడితే కొత్త తంటా వస్తుంది. నూలు పోగులు ఊడని మెత్తటి గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టడం దానికన్నా మంచిది. స్లాట్‌లోకి నోటితో ఊదకూడదు, ఉమ్మి తుంపర తుప్పుకు తోడవుతుంది.

ల్యాప్‌టాప్ ఆన్ అయి, కాసేపటికి నీలి తెర వచ్చి ఆగిపోతూ ఉంటే అది వేరే సంగతి. అప్పుడు విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్‌నో, యూఎస్‌బీ నుంచి నడిచే మెమ్‌టెస్ట్86నో రాత్రంతా నడపాలి. ఒక్క తప్పు చూపినా ఆ మాడ్యూల్‌ను మార్పించుకోవాలి. బయోస్ సెట్టింగులు మార్చినా, బయోస్‌ను అప్‌డేట్ చేసినా బిట్‌లాకర్ (డిస్క్‌లోని సమాచారానికి విండోస్ వేసే తాళం) 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది చూసి కంగారుపడి ఫార్మాట్‌కు ఒప్పుకోవద్దు. చాలామందికి ఆ కీ వారి మైక్రోసాఫ్ట్ అకౌంటులో భద్రంగానే ఉంటుంది. మూత తీసే ముందే దాన్ని కాగితం మీద రాసుకుంటే మరీ మంచిది.

ఇంత చెప్పాను గాని, బోర్డు ఎప్పుడూ పోదని నా వాదన కాదు. నీళ్లు పడినప్పుడు, విద్యుత్తు ఉండగా మాడ్యూల్ పెట్టినప్పుడు, లోపల స్క్రూ జారిపడి షార్ట్ అయినప్పుడు బోర్డు దెబ్బతింటుంది. పాత ర్యామ్ ఒక్కటే శుభ్రం చేసి ప్రతి స్లాట్‌లోనూ చూసి, విద్యుత్తు పూర్తిగా తీసి మళ్లీ ఇచ్చి, తెలిసిన మంచి ర్యామ్‌తో కూడా పరీక్షించాక దీపం తప్ప మరేమీ రాకపోతే, అప్పుడు చిప్ లెవల్ పని తెలిసినవారి దగ్గరికి వెళ్లవలసిందే. అటువంటి నిపుణులు మన ఊళ్లో ఉన్నారు. భూతద్దం కింద గంటల తరబడి కూర్చుని, వెంట్రుక లాంటి తీగలను అతికే వారి పనితనం మీద నాకు ఎంతో గౌరవం. ఒక డాక్టరు నాడి చూడకుండా ఆపరేషన్‌కు రాయనట్టే, వారిలో మంచివారెవరూ ర్యామ్ తీసి చూడకుండా బోర్డుకు ధర చెప్పరు.

దుకాణాలవారికి నా విన్నపం. ర్యామ్ అమ్మినప్పుడు బిల్లు మీద "ర్యామ్ 8 జీబీ" అని మాత్రమే రాసి ఊరుకోకుండా, కంపెనీ, రకం, వోల్టేజీ, వేగం, సీరియల్ నంబరు, వారంటీ ఎన్నేళ్లో రాయండి. వినియోగదారుడి ఎదుటే ఆన్ చేసి, టాస్క్ మేనేజర్‌లో కొత్త సామర్థ్యం చూపించి, పాత మాడ్యూల్‌ను కవరులో పెట్టి చేతికి ఇవ్వండి. దీనికి పట్టేది కొన్ని నిమిషాలే, మీ దుకాణం మీద నమ్మకం మాత్రం నిలుస్తుంది. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగి, వాడిన మాడ్యూళ్లు కూడా చేతులు మారుతున్న ఈ రోజుల్లో ఇది మరీ అవసరం. వాడినదైతే వాడినదనే రాయండి.

వినియోగదారులు కూడా బిల్లు వద్దని నాలుగు రూపాయలు తగ్గించుకోవడం మానాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వస్తువుకు గాని, సేవకు గాని బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా తిరిగి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం కూడా అంతే. ముందు దుకాణంవారితో మర్యాదగా మాట్లాడాలి. మాట పడనప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. కానీ చేతిలో బిల్లు, మాడ్యూల్ చీటీ ఫొటో, దీపం వెలుగుల వీడియో లేనిదే ఎవరైనా ఏం చేయగలరు?

మన నగరంలో ఇంజనీరింగ్ కళాశాలలు, పాలిటెక్నిక్‌లు ఎన్నో ఉన్నాయి. వాటి ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లలో మంచి మాడ్యూళ్లు నాలుగు రకాలవి ఉంచి, వారంలో ఒక పూట విద్యార్థులు తెచ్చిన ల్యాప్‌టాప్‌లను అధ్యాపకుల పర్యవేక్షణలో పరీక్షించే ఏర్పాటు చేస్తే, శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి పల్లెల నుంచి ఇక్కడికి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలకు ఎంతో మేలు. వారికి ఇక్కడ అడిగేందుకు తెలిసినవారుండరు, ల్యాప్‌టాప్ లేకుండా ఒక్క వారం గడిచినా ల్యాబ్ రికార్డులు, అసైన్‌మెంట్లు వెనకబడతాయి. పరీక్షించే విద్యార్థులకూ అది పుస్తకంలో దొరకని చదువు. ఏ కళాశాలైనా ఈ పనికి ముందుకు వస్తే నా వంతు సమయం ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఈ లేఖను మీ విశాఖ సంచికలో ప్రచురించి, వీలైతే చదువుల పేజీలోనూ దీనికి చోటు కల్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.